చుక్కాని పిడియా? చక్రమా?

పరిచయం

ఒకే పని చేసే సాధనాలు రెండు మన ముందున్నప్పుడు 'ఏది మంచిది?' అని అడుగుతాం. 'ఎవరికి? ఎక్కడ? ఏ పనికి?' అని కూడా అడిగితే గాని ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరకదు. చిన్న తెరచాప పడవను మళ్లించే సాధనాలు రెండింటిని పోల్చి చూపే వ్యాసం ఇది. ఒక విషయాన్ని అన్ని వైపుల నుంచి తూచి, నిర్ణయానికి రావడం ఎలాగో విద్యార్థులు గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

గమ్యం తెలియని జీవితాన్ని 'చుక్కాని లేని నావ' అంటాం. కుటుంబ భారాన్ని మోసేవారిని, సంస్థను నడిపేవారిని 'కర్ణధారులు' అంటాం. సంస్కృతంలో 'కర్ణం' అంటే చెవి అని మనకు తెలుసు. ఆ మాటకు చుక్కాని అనే అర్థం కూడా ఉంది. చుక్కానిని పట్టినవాడే కర్ణధారుడు. మన మాటల్లో ఇంతగా కలిసిపోయిన ఈ చుక్కాని ఎలా పనిచేస్తుంది? దానిని మనిషి చేయి ఎలా తిప్పుతుంది? పడవ కొనేవాడు, కట్టేవాడు, నడిపేవాడు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు ఇవి.

చుక్కాని చేసే పని

పడవ వెనుక భాగాన నీటిలోకి దిగి, తలుపు రెక్కలా అటూ ఇటూ తిరిగే పలకే చుక్కాని. పడవ ముందుకు సాగుతున్నప్పుడు నీరు దానికి రెండు వైపులా జారిపోతుంది. పలకను ఒక పక్కకు తిప్పితే నీటి ప్రవాహం దానికి తగిలి పక్కకు మళ్లుతుంది. అప్పుడు నీరు పలకను రెండో వైపుకు నెడుతుంది. పలకతో పాటు పడవ వెనుక భాగం ఆ వైపుకు జరుగుతుంది. ముందు భాగం దానికి ఎదురు దిక్కుకు తిరుగుతుంది. కారులో ముందు చక్రాలు తిరిగి బండిని లాక్కుపోతాయి. పడవలో వెనుక భాగం జరిగితే ముక్కు తిరుగుతుంది. ఈ తేడాను మొదట గుర్తుంచుకోవాలి.

ఇంకొక సంగతి కూడా ఉంది. పడవ కదలకపోతే చుక్కాని పనిచేయదు. గాలి పడిపోయి పడవ నిలిచిపోయినప్పుడు చుక్కానిని ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు. అవసరానికి మించి తిప్పితే అది నీటికి అడ్డుపడి, పడవ వేగాన్ని తగ్గిస్తుంది. కనుక మంచి సరంగు చుక్కానిని ఎంత అవసరమో అంతే కదుపుతాడు.

తొలినాళ్లలో చుక్కాని బదులు తెడ్డునే వాడేవారు. ఒడిశా తీరంలో పూరీ దగ్గర స్థిరపడిన తెలుగు జాలరులు నడిపే తెప్పలను తెడ్డుతోనే మళ్లించేవారు. ఐరోపా ఖండపు ఉత్తర తీరాల్లో పూర్వం ఓడ కుడి పక్కన ఒక పెద్ద తెడ్డును బిగించేవారు. అందుకే ఇంగ్లీషులో ఓడ కుడి పక్కను నేటికీ 'స్టార్‌బోర్డు' అంటారు. 'మళ్లించే పక్క' అని ఆ మాటకు అసలు అర్థం. ఓడ వెనుక, సరిగ్గా మధ్యలో చుక్కానిని అమర్చే పద్ధతి చైనాలో చాలా ముందే ఉంది. అక్కడ దొరికిన ఒకటో శతాబ్దం నాటి మట్టి ఓడ బొమ్మలో వెనుక చుక్కాని కనిపిస్తుంది.

పిడి

చుక్కాని తలకు ఒక కర్రను బిగించి, దానిని పడవ లోపలి వైపుకు చాచి పట్టుకుంటే అదే చుక్కాని పిడి. ఇంగ్లీషులో దీనిని టిల్లరు అంటారు. మీరు సామాన్యశాస్త్రంలో చదివిన తులాదండమే ఇది. గడ్డపారతో బండరాయిని పెకలించేటప్పుడు పార ఎంత పొడవుంటే శ్రమ అంత తగ్గుతుంది కదా! పిడి కూడా అంతే.

దీనితో ఒక చిక్కు ఉంది. పిడిని కుడికి నెడితే చుక్కాని పలక ఎడమకు పోతుంది, పడవ కూడా ఎడమకే తిరుగుతుంది. అంటే ఎటు తిరగాలో దానికి ఎదురు దిక్కుకు పిడిని నెట్టాలి. కొత్తగా నేర్చుకునేవారు మొదటి రోజుల్లో ఇక్కడే తడబడతారు. ప్రశాంతమైన నీటిలో ఈ తడబాటు నవ్వుకు కారణమవుతుంది. గాలి వెనుక నుంచి బలంగా వీస్తున్నప్పుడు మాత్రం ప్రమాదం తెస్తుంది. పిడిని పొరపాటున అటు కాక ఇటు నెడితే గాలి తెరచాప రెండో వైపుకు చేరుతుంది. తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య ఒక్క ఊపున పడవ మీదుగా ఆ పక్కకు విసురుగా వస్తుంది. తల వంచని వారికి పెద్ద దెబ్బ తగలవచ్చు.

ఈ ఎదురు దిక్కు లెక్క ఒకప్పుడు పెద్ద ఓడల ఆజ్ఞలలో కూడా ఉండేది. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ ముందు మంచుకొండ కనిపించగానే అధికారి ఇచ్చిన ఆజ్ఞకు 'పూర్తిగా కుడికి' అని అర్థం. అయినా ఓడ ఎడమకు తిరిగింది. అందులో పొరపాటేమీ లేదు. ఆ రోజుల్లో ఆజ్ఞ పిడిని ఉద్దేశించి ఇచ్చేవారు. ఆ ఓడలో చక్రమే ఉన్నా, పిడి కాలం నాటి మాట మాత్రం మిగిలిపోయింది. 1930వ దశకంలో గాని ఆ పద్ధతి మారలేదు. సాధనం మారిన తరువాత కూడా మాట చాలా కాలం బతుకుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

చక్రం

ఓడలు పెద్దవయ్యేకొద్దీ పిడిని పట్టడం మనిషి శక్తికి మించిన పనైంది. పద్దెనిమిదో శతాబ్దపు తొలి రోజుల నుంచి పెద్ద ఓడల్లో చక్రం వాడుకలోకి వచ్చింది. నేటి చిన్న తెరచాప పడవల్లో చక్రం అమరిక ఇలా ఉంటుంది. చక్రం ఇరుసుకు సైకిలుకు ఉన్నట్టే ఒక చిన్న పళ్ల చక్రం ఉంటుంది. దాని మీదుగా గొలుసు పోతుంది. గొలుసు రెండు కొసలకు ఉక్కు తీగ తాళ్లు కట్టి ఉంటాయి. ఆ తాళ్లు కప్పీల మీదుగా పడవ అడుగుకు దిగి, చుక్కాని ఇరుసుకు బిగించిన పావు వృత్తం ఆకారపు లోహపు దిమ్మెను చేరుతాయి. చక్రాన్ని కుడికి తిప్పితే ఒక తాడు బిగుసుకుంటుంది, రెండోది వదులవుతుంది. దిమ్మె తిరుగుతుంది, చుక్కాని తిరుగుతుంది, పడవ కుడికే పోతుంది. కారు నడిపిన చేతికి ఇది కొత్తగా అనిపించదు.

తాళ్లకు బదులు నూనె ఒత్తిడితో పనిచేసే అమరికలు కూడా ఉన్నాయి. వాటిలో శ్రమ ఇంకా తక్కువ. కాని చుక్కాని మీద నీరు చూపే ఒత్తిడి చేతికి దాదాపుగా తెలియదు.

ఒక చిన్న లెక్క

పిడికి, చక్రానికి ఉన్న తేడాను లెక్కగా చూస్తే సులభంగా అర్థమవుతుంది. ఈ కింది అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి.

చుక్కాని పలక మీద నీటి ఒత్తిడి 40 కిలోల బరువుతో సమానం అనుకుందాం. ఆ ఒత్తిడి ఇరుసుకు 15 సెంటీమీటర్ల దూరంలో పడుతోంది. 40ని 15తో గుణిస్తే 600. ఇది చుక్కానిని తిప్పే బలం. మన చేయి దీనికి సరితూగాలి.

పిడి పొడవు 120 సెంటీమీటర్లు అయితే, 600ని 120తో భాగించాలి. చేతి మీద పడే బరువు 5 కిలోలు.

ఇప్పుడు చక్రం సంగతి చూద్దాం. చక్రం వ్యాసార్ధం 45 సెంటీమీటర్లు, దాని ఇరుసు మీది పళ్ల చక్రం వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు. అంటే చేతి బలం తాడులో 9 రెట్లవుతుంది. చుక్కాని ఇరుసు మీది దిమ్మె వ్యాసార్ధం 25 సెంటీమీటర్లు. 9ని 25తో గుణిస్తే 225. ఇక 600ని 225తో భాగిస్తే చేతి మీద పడే బరువు సుమారు 2.7 కిలోలు.

చక్రం చేతి శ్రమను దాదాపు సగానికి తగ్గించింది. మరి ఆ మిగిలిన సగం ఎక్కడికి పోయింది? చుక్కానిని 30 డిగ్రీలు తిప్పడానికి పిడిని పట్టిన చేయి సుమారు 63 సెంటీమీటర్లు కదిలితే చాలు. చక్రాన్ని పట్టిన చేయి 118 సెంటీమీటర్లు కదలాలి. 5ని 63తో గుణించినా, 2.67ని 118తో గుణించినా వచ్చే ఫలం ఇంచుమించు ఒకటే. బలం తగ్గితే దూరం పెరుగుతుంది. ఏ యంత్రమూ పనిని మాయం చేయదు, దానిని వేరే రూపంలో మన చేతికి అందిస్తుంది. నిజానికి కప్పీల దగ్గర, గొలుసు దగ్గర రాపిడి ఉంటుంది కనుక చక్రానికి ఈ లెక్క చెప్పినదాని కన్నా కొంచెం ఎక్కువ బలమే కావాలి.

దీనిని బట్టి ఒక మాట స్పష్టమవుతుంది. చుక్కాని మీద ఒత్తిడి తక్కువగా ఉండే చిన్న పడవకు చక్రం వల్ల కలిగే లాభం తక్కువ. అక్కడ చక్రం పెట్టడం చీపురు పుల్లను విరవడానికి గొడ్డలిని తెచ్చినట్లే. ఒత్తిడి 40 కిలోలు కాక 200 కిలోలు అయితే పిడి మీద పడే బరువు 25 కిలోలు. గంటల తరబడి దానిని పట్టి కూర్చోవడం ఎవరికీ సాధ్యం కాదు. అక్కడ చక్రం తప్పనిసరి.

చేతికి తెలిసే సంగతులు

శ్రమ తగ్గడమొక్కటే ముఖ్యమైతే ఈ పాఠం ఇక్కడితో ముగిసిపోయేది. పిడికి ఉన్న అసలు గుణం మరొకటి ఉంది. అది పడవ చెప్పే మాటను చేతికి అందిస్తుంది.

గాలి పెరిగినప్పుడు తెరచాప పడవ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన పడవ ముక్కు తనంత తానుగా గాలి వచ్చే వైపుకు తిరగాలని చూస్తుంది. దానిని నిలపడానికి చుక్కానిని రెండో వైపుకు పట్టి ఉంచాలి. పిడిని పట్టినవాడికి ఆ లాగుడు వెంటనే తెలుస్తుంది. నిన్న రెండు వేళ్లతో నిలిచిన పిడి నేడు రెండు చేతులు అడుగుతోందంటే దాని అర్థం ఒకటే. తెరచాప ఎక్కువైంది, దానిని కొంత మడిచి కట్టాలి. పిడి ఏ కోణంలో ఉందో కంటికి ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. చుక్కాని ఎటు ఉందో వేరే చూసుకోనక్కరలేదు.

చక్రం ఈ కబురును పూర్తిగా ఆపదు గాని, గొంతు తగ్గించి చెబుతుంది. గొలుసు, తాళ్లు, కప్పీల మధ్య అది కొంత పోతుంది. చక్రం ఎంత తిరిగిందో తెలియడానికి దాని పై భాగాన ఒక చువ్వకు తాడు చుట్టి గుర్తు పెడతారు. చుక్కాని తిన్నగా ఉన్నప్పుడు ఆ గుర్తు సరిగ్గా పైన ఉంటుంది. చీకటిలో చేతితో తడిమినా తెలుస్తుంది.

అందుకే తెరచాప పడవ నేర్చుకునే పిల్లలకు ప్రపంచమంతటా పిడి పడవలనే ఇస్తారు. పిల్లల కోసం రూపొందించిన ఆప్టిమిస్టు పడవ పొడవు సుమారు 2.3 మీటర్లు, ఒట్టి పడవ బరువు 35 కిలోలు. దానికి ఒక తెరచాప, ఒక చుక్కాని, ఒక పిడి ఉంటాయి. హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో పిల్లలు ఇటువంటి పడవలనే నడుపుతారు. పిడి చివర మరొక సన్నని కర్రను కీలుతో బిగిస్తారు. దాని సాయంతో పడవ అంచు మీద కూర్చుని, వెనక్కు వంగి, తన బరువుతో పడవ ఒరగకుండా చూస్తూనే పిడిని తిప్పవచ్చు. చక్రం ఉంటే ఇది సాధ్యం కాదు.

చోటు, మనుషులు, ఖర్చు

పిడి పడవ మధ్యలో అటూ ఇటూ ఊగుతుంది. దాని దారిలో మోకాళ్లు ఉండకూడదు. నలుగురు కూర్చునే చిన్న చోటులో ఇది ఇబ్బందే. అయితే లంగరు వేశాక పిడిని పైకి ఎత్తి కట్టేస్తే చోటంతా ఖాళీ అవుతుంది. చక్రం తన చోటు దాటి రాదు గాని, ఆ చోటును ఎప్పటికీ వదలదు. దాని వెనుకకు పోవాలంటే పక్క నుంచి ఒదిగి దాటాలి. ఆ చక్రం స్తంభం మీదనే దిక్సూచిని అమర్చుకునే వీలు మాత్రం ఉంది. చక్రం వెనుక నిలబడి ముందుకు దూరం వరకు చూడవచ్చు. పిడిని ఎక్కువగా పక్కన కూర్చుని నడుపుతారు.

ఒంటరిగా పోయేవారు ఇంకొక విషయం ఆలోచించాలి. తెరచాపలను బిగించే తాళ్లు చేతికి అందాలి. పిడిని మోకాలితో అదిమి, రెండు చేతులతో తాడు లాగవచ్చు. చక్రం వెనుక నిలబడినవారికి ఆ తాళ్లు చాలా పడవల్లో దూరంగా ఉంటాయి. గాలి దిశను బట్టి తనంత తానుగా చుక్కానిని తిప్పే గాలిరెక్క సాధనం ఉంది. దాని తాళ్లను పిడికి నేరుగా కట్టవచ్చు. చక్రానికైతే తాళ్లు చుట్టుకునే ఒక అదనపు పీపాను బిగించాలి. విద్యుత్తుతో పనిచేసే స్వయంచాలక సాధనం కూడా పిడికి చిన్నది, చౌకది సరిపోతుంది.

ఖర్చు సంగతి వేరే చెప్పాలా? పిడి అంటే ఒక మంచి కర్ర, ఒక మర. చక్రం అంటే స్తంభం, గొలుసు, తాళ్లు, కప్పీలు, దిమ్మె. కొన్న రోజు ఖర్చుతో ఇది ముగియదు. ఏటా విప్పి చూడాలి, నూనె పెట్టాలి, తాళ్ల బిగువు సరిచేయాలి. ఉక్కు తీగ తాడులో ఒక్క పోగు తెగినా ఆ తాడుకు రోజులు దగ్గరపడినట్లే. పాత గుడ్డతో తాడును ఆసాంతం తుడిస్తే తెగిన పోగు గుడ్డకు తగులుకుంటుంది. వట్టి చేతితో తుడిస్తే వేలు తెగుతుంది.

సముద్రం మధ్యలో

ఈ సాధనాలు ఒడ్డున కాదు, నడిసముద్రంలో పరీక్షకు నిలుస్తాయి. చరిత్రలో జరిగిన ప్రయాణాలు రెండింటిని చూద్దాం.

1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మత్ రేవు నుంచి రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే నావికుడు ఒంటరిగా బయలుదేరాడు. ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి రావాలన్నది ఆ పోటీ నియమం. ఆయన పడవ పేరు 'సుహైలీ'. దాని పొడవు 32 అడుగులు. అది మన బొంబాయిలో, మన వడ్రంగుల చేతుల మీదుగా టేకుతో తయారైన పడవ. దానికి చక్రం లేదు, పిడే ఉంది. ఆస్ట్రేలియా ప్రాంతానికి చేరేసరికి తనంత తానుగా పడవను నడిపే గాలిరెక్క సాధనం పాడైంది. అప్పటికి ఇంకా సగం లోకం మిగిలి ఉంది. ఆయన తెరచాపలను ఒకదానితో ఒకటి తూగేట్లు సరిచూసి, పిడిని తాడుతో కట్టి, పడవ తన దారిన తాను పోయేలా చేసుకున్నాడు. 312 రోజుల తరువాత, 1969 ఏప్రిల్ 22న, అదే రేవుకు తిరిగి వచ్చాడు. పోటీలో పాల్గొన్న తొమ్మండుగురిలో ప్రయాణం పూర్తి చేసినవాడు ఆయనొక్కడే. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టిన మొదటి మనిషి కూడా ఆయనే.

రెండో ప్రయాణం మన వారిది. 2017 సెప్టెంబరు 10న భారత నావికాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు గోవా నుంచి 'తారిణి' అనే తెరచాప నావలో బయలుదేరారు. వారి నాయకురాలు వర్తికా జోషి. ప్రతిభా జమ్వాల్, పాయల్ గుప్తా, విజయాదేవి గార్లతో పాటు విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి గారు, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య గారు ఆ బృందంలో ఉన్నారు. గోవాలోనే తయారైన తారిణి పొడవు సుమారు 56 అడుగులు. అంత నావను పిడితో నడపడం కష్టం. దానికి చక్రమే ఉంది. ఆరుగురూ వంతుల వారీగా రాత్రింబవళ్లు ఆ చక్రం వద్ద నిలిచారు. కేప్ హార్న్ అగ్రాన్ని కూడా దాటి, కేప్ టౌన్ చేరి, అక్కడి నుంచి ఇంటిదారి పట్టారు. ఆ చివరి అంకంలో హిందూ మహాసముద్రంలో నావను మళ్లించే యంత్రాంగం చెడింది. అనుకున్న మజిలీల్లో లేని మారిషస్‌కు మళ్లి, 2018 ఏప్రిల్‌లో పోర్టు లూయీ రేవులో దానిని బాగుచేయించుకున్నారు. మే 21న క్షేమంగా గోవా చేరుకున్నారు. మొత్తం 254 రోజులలో వారు సముద్రం మీద గడిపినవి 199 రోజులు.

ఈ రెండు కథలను చదివి పిడి గొప్పదనీ, చక్రం తక్కువదనీ అనుకోకూడదు. సుహైలీలో కూడా సాధనం చెడింది. తారిణి వంటి పెద్ద నావకు చక్రమే అనుకూలం. మనం గ్రహించవలసింది వేరే ఉంది. భాగాలు ఎక్కువైనకొద్దీ చెడే చోట్లు ఎక్కువవుతాయి. పిడి విరిగితే తెడ్డునో, పలకనో చుక్కాని తలకు బిగించి ఇల్లు చేరవచ్చు. చక్రం తాడు తెగితే చక్రం ఊరకే తిరుగుతుంది, పడవ మాత్రం వినదు. అందుకే చక్రం ఉన్న ప్రతి పడవలోనూ ఒక అత్యవసర పిడి ఉండాలి. చుక్కాని ఇరుసు పైకొనకు ఉన్న మూత తీసి, దానిని అక్కడ బిగించాలి. అది పడవలో ఉంటే చాలదు. ఏ మూల ఉందో అందరికీ తెలియాలి. ఒడ్డు దగ్గర, పగటిపూట, ప్రశాంతమైన నీటిలో దానిని బిగించి, నడిపి చూసి ఉండాలి. తుపానులో, చీకటిలో మొదటిసారి దాని కోసం వెతికేవారికి అది దొరకడం కష్టం.

నిర్ణయం

ఇక ఎన్నిక ఎలా జరగాలి? సరస్సు మీద పిల్లలు నేర్చుకోవడానికి పద్నాలుగు అడుగుల పడవ కావాలంటే ఆలోచించే పనే లేదు. పిడే తగినది. నలభై అడుగులు దాటిన పడవలో కుటుంబంతో తీరం వెంబడి తిరగదలచినవారికి చాలామట్టుకు చక్రమే తగినది. ఈ రెండింటి నడుమ, ముప్పై అడుగుల దగ్గర, అసలు ప్రశ్న పుడుతుంది. అక్కడ రెండూ పనిచేస్తాయి. అప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి: పడవను నడిపేది ఎవరు? ఒంటరి మనిషికి పిడి అనుకూలం. చేతి బలం తగ్గిన పెద్దలకు, కారు నడపడం తెలిసి పడవ తెలియని బంధువులకు చక్రం అనుకూలం.

రెండు: ఎక్కడ నడుపుతారు? రేవుకు దూరంగా, మరమ్మతు దొరకని చోటుకు పోయేవారికి భాగాలు తక్కువ ఉన్న సాధనం మేలు.

మూడు: చుక్కాని ఎటువంటిది? కొన్ని చుక్కానులలో పలక కొంత భాగం ఇరుసుకు ముందుకు ఉంటుంది. నీటి ఒత్తిడి ఇరుసుకు రెండు వైపులా పడి, చేతి మీద బరువు తగ్గుతుంది. అటువంటి పడవ కొంచెం పెద్దదైనా పిడితో తేలికగా నడుస్తుంది.

నాలుగు: ఏటా దానిని విప్పి చూసే ఓపిక, డబ్బు ఉన్నాయా? లేకపోతే చక్రం జోలికి పోకపోవడమే మంచిది. చూసుకోని చక్రం కన్నా చూసుకోనక్కరలేని పిడి నయం.

పక్కవాడి పడవలో చక్రం మెరుస్తోందని మన పడవకు చక్రం పెట్టించుకోవడం, పాతవారంతా పిడి పట్టారని మనమూ పిడినే పట్టుకు వేలాడడం, రెండూ ఆలోచన లేని పనులే. పడవ బరువు, నీటి తీరు, చేతి బలం, చేతిలోని డబ్బు, ఈ నాలుగూ చూసి ఎన్నుకున్నవారు ఏది ఎన్నుకున్నా దానిని నమ్ముకుని పోగలరు. ఎన్నుకున్న తరువాత దాని బలహీనత ఏమిటో తెలుసుకుని, దానికి తగిన ఏర్పాటు ముందే చేసుకోవడం కర్ణధారుల మొదటి పని.

అర్థాలు

చుక్కాని = పడవను మళ్లించే పలక
సరంగు = పడవ నడిపేవాడు
కర్ణధారుడు = చుక్కాని పట్టేవాడు, నాయకుడు
తులాదండం = ఒక బిందువు ఆధారంగా తిరుగుతూ బరువును కదిలించే కడ్డీ
ఇరుసు = చక్రం తిరగడానికి ఆధారమైన కడ్డీ
కప్పీ = తాడు జారడానికి గాడి ఉన్న చిన్న చక్రం
రాపిడి = ఒరుసుకోవడం వల్ల కలిగే నిరోధం
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
అంకం = భాగం, దశ

అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు రెండు, మూడు వాక్యాలలో జవాబులు రాయండి.
1. పడవ నిలిచి ఉన్నప్పుడు చుక్కాని ఎందుకు పనిచేయదు?
2. 'స్టార్‌బోర్డు' అనే మాట ఎలా పుట్టింది?
3. పిడిని పొరపాటున తప్పు దిక్కుకు నెడితే ఏ ప్రమాదం కలగవచ్చు?
4. ఉక్కు తీగ తాడును గుడ్డతో ఎందుకు తుడవాలి?
5. 1912లో టైటానిక్ అధికారి ఆజ్ఞకు, ఓడ తిరిగిన దిక్కుకు ఉన్న తేడాకు కారణమేమిటి?

II. ఈ కింది ప్రశ్నలకు పది పంక్తులలో జవాబులు రాయండి.
1. చక్రం చేతి శ్రమను తగ్గిస్తుంది. మరి 'ఏ యంత్రమూ పనిని మాయం చేయదు' అని రచయిత ఎందుకన్నారు? పాఠంలోని లెక్క ఆధారంగా వివరించండి.
2. సుహైలీ, తారిణి ప్రయాణాల నుంచి మనం గ్రహించవలసినదేమిటి?
3. ముప్పై అడుగుల పడవ కొనదలచిన ఒక పదవీ విరమణ చేసిన దంపతులకు మీరు ఏ సలహా ఇస్తారు? కారణాలు చెప్పండి.

III. లెక్క చేయండి.
చుక్కాని మీద ఒత్తిడి 80 కిలోల బరువుతో సమానం. అది ఇరుసుకు 15 సెంటీమీటర్ల దూరంలో పడుతోంది. పిడి పొడవు 150 సెంటీమీటర్లు. చేతి మీద పడే బరువెంత?

IV. భాషాంశాలు
అ) కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
యంత్రాంగం, మహోపకారం, పడవెక్కి, చేతికందిన
ఆ) కింది సమాసాలకు విగ్రహ వాక్యాలు రాసి, సమాసం పేరు తెలపండి.
కుడియెడమలు, సముద్రతీరం, ముప్పై అడుగులు
ఇ) కింది జాతీయాలను, సామెతను సందర్భం చూపి వివరించండి.
1. చుక్కాని లేని నావ
2. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం
3. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య
ఈ) 'ఒకటి గొప్పది, రెండోది తక్కువది' అని తేల్చకుండా రెండు వస్తువులను పోలుస్తూ పది వాక్యాలు రాయండి. (ఉదా: సైకిలు, స్కూటరు, మట్టికుండ, ఇత్తడి బిందె)

V. చేసి చూడండి
మీ ఊరి చెరువు, నది లేదా సముద్రతీరంలో పడవలు నడిపే పెద్దలను కలుసుకోండి. పడవ భాగాలకు వారు వాడే పేర్లను అడిగి రాసుకోండి. మీ ప్రాంతపు భాషలో అదే భాగాన్ని ఏమంటారో పక్కన రాయండి. ఏ మాటలు రెండు భాషల్లో కలుస్తున్నాయో తరగతిలో చర్చించండి.